వకాల్తా లేని వకీళ్ళు

ఈ పుటలలో సాధారణంగా మధుమేహం, రక్తపోటు, మోకాళ్ళ నొప్పులు మొదలైన వాటి గూర్చి వ్రాస్తుంటాను. ఈ మారు వ్యాధి గూర్చి కాక ఒక వృత్తి గూర్చి వ్రాస్తున్నాను. ఆ వృత్తివారు మీ నాడి పట్టరు, మీకు మందుచీటీ వ్రాయరు. అయినా మీరు కొనే పొట్లం మీద ఏమి అచ్చు వేయాలి, ఎంత పెద్దదిగా వేయాలి, అసలు వేయాలా వద్దా అన్నది తేలే గదులలో వారు కూర్చుంటారు. వారిని లాబీయిస్టులంటారు. తమను తాము మరికొంత మర్యాదగా ప్రజా వ్యవహారాల సలహాదారులమని చెప్పుకొంటారు.

లాబీ అంటే ముందు చావడి. బ్రిటిష్ పార్లమెంటులో సభామందిరానికి వెలుపల, సభ్యులను ఇతరులు కలుసుకొని తమ గోడు చెప్పుకొనే చోటికి ఆ పేరు. మన భాషలో దీనికి దగ్గరి మాట పైరవీ. కాని పైరవీ అనగానే మనకు బల్ల క్రింది చేయి స్ఫురిస్తుంది. నేను చెప్పబోయే వ్యాపారం అది కాదు. లంచానికి చట్టమున్నది, శిక్ష ఉన్నది. లాబీయింగ్‌లో ఉండేవి నివేదికలు, గణాంకాలు, సదస్సులు, వినతిపత్రాలు, పత్రికలలో వ్యాసాలు, అధికారులతో సమావేశాలు. రుసుము తీసుకొని ఒక కక్షిదారు పక్షాన ప్రభుత్వానికీ ప్రజలకూ వాదన వినిపించడం ఆ వృత్తి. ఇందులో విడిగా చూస్తే ఒక్కటీ నేరం కాదు.

న్యాయవాది చేసేదీ అదే కదా అని మీరు అడగవచ్చును. నిజమే. అయితే న్యాయస్థానంలో నోరు విప్పేముందు న్యాయవాది వకాల్తా దాఖలు చేస్తాడు. ఆయన ఎవరి పక్షమో న్యాయమూర్తికి తెలుసు, ఎదుటి పక్షానికి తెలుసు, వెనుక బల్లపై కూర్చొన్న బంట్రోతుకూ తెలుసు. కనుక ఆయన మాటలకు ఎంత విలువ ఇవ్వాలో అంతే ఇస్తారు. మన దేశంలో లాబీయిస్టుకు ఆ వకాల్తా అవసరం లేదు. ఆయన వాదన ఒక రోజు శాస్త్రవేత్త పేరుతోను, ఒక రోజు రైతు పేరుతోను, మరొక రోజు పత్రికా సంపాదకీయ పుటలోను మీ ముందుకు వస్తుంది. కక్షిదారు పేరు మాత్రం ఎక్కడా ఉండదు. నా అభ్యంతరం వాదన మీద కాదు, ఆ మరుగు మీద.

ఈ విద్య ఎట్లా పుట్టి పెరిగిందో అర్థం కావాలంటే పొగాకు చరిత్రను మించిన పాఠ్యపుస్తకం లేదు. 1950లో లండన్‌లో రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు పరిశోధకులు ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులను, ఇతర రోగులను పోల్చి చూసి, సిగరెట్‌కూ ఆ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని ప్రచురించారు. అదే ఏడు అమెరికాలో వైండర్, గ్రాహం అనేవారి అధ్యయనం కూడా అదే చెప్పింది. 1953 చివర వైండర్ బృందం పొగాకు తారును ఎలుకల వీపుపై పూసి కణితులు పుట్టించి చూపింది. పత్రికలు పెద్ద అక్షరాలతో వేశాయి. సిగరెట్ కంపెనీల వాటాల ధరలు పడిపోయాయి.

1953 డిసెంబరు మధ్యలో ఆ కంపెనీల అధిపతులు న్యూయార్క్‌లోని ప్లాజా హోటల్‌లో సమావేశమయ్యారు. వారు పిలిపించినది వైద్యుణ్ణి కాదు, పౌర సంబంధాల నిపుణుణ్ణి. ఆయన పేరు జాన్ హిల్, హిల్ అండ్ నోల్టన్ సంస్థ అధిపతి. (లండన్‌లో ఒక హిల్, న్యూయార్క్‌లో మరొక హిల్. చరిత్రకు ఇట్లాంటి చిలిపితనం అప్పుడప్పుడు ఉంటుంది.) సిగరెట్ ఆరోగ్యకరమని చెప్పండి అని జాన్ హిల్ సలహా ఇవ్వలేదు. ఆ సలహా ఇచ్చి ఉంటే అది ఏడాదిలో వీగిపోయేది. ఆయన చెప్పినది వేరు: శాస్త్రంతో పోట్లాడవద్దు, శాస్త్రాన్ని మీరే పోషించండి, ఇంకా పరిశోధన కావాలని మీరే అడగండి.

1954 జనవరి 4న అమెరికాలో 400లకు పైగా దినపత్రికలలో సిగరెట్ త్రాగేవారిని ఉద్దేశించి ఒక పూర్తి పుట ప్రకటన వెలువడింది. ప్రజల ఆరోగ్యమే తమకు అన్నింటి కంటె మిన్న అని, సిగరెట్ కారణమనడానికి రుజువు లేదని, అయినా పరిశోధనకు ధనసహాయం చేస్తామని కంపెనీలు కలిసి అందులో హామీ ఇచ్చాయి. ఆ పరిశోధనకై ఒక సంఘం ఏర్పడింది. దాని కార్యాలయం హిల్ గారి సంస్థ ఉన్న ఎంపైర్ స్టేట్ భవనంలోనే ఉండేది. దాని శాస్త్ర విభాగానికి అధిపతిగా క్లారెన్స్ కుక్ లిటిల్ అనే పేరు మోసిన జన్యుశాస్త్రవేత్తను తెచ్చారు. ఆయన అంతకు పూర్వం అమెరికా క్యాన్సర్ నివారణ సంఘానికి నిర్వాహకుడిగా పనిచేసినవాడు. అటువంటి వ్యక్తి ఇంకా తేలలేదు అని అంటే సామాన్యుడు నమ్మక ఏమి చేస్తాడు?

ఇక్కడ వైద్యుడిగా ఒక మాట చెప్పాలి. సందేహం మా వృత్తికి ప్రాణం. జ్వరంతో వచ్చిన రోగికి మలేరియానా, టైఫాయిడా, డెంగీనా అని మేము సందేహించకపోతే రోగి బ్రతకడు. కాని మా సందేహానికి ఒక గడువు ఉంటుంది. పరీక్షలు వచ్చేలోపు కూడా రోగికి ఏదో ఒక చికిత్స మొదలు పెడతాము. నూటికి నూరు పాళ్ళు తేలేవరకు సెలైన్ సీసా తగిలించము అని ఏ వైద్యుడూ అనడు. ఆ పౌర సంబంధాల నిపుణులు చేసినదేమంటే, గడువు లేని సందేహాన్ని తయారు చేసి అమ్మడం. ఇది నా నింద కాదు. 1969 నాటి ఒక సిగరెట్ కంపెనీ అంతర్గత పత్రంలో, మా సరుకు సందేహమే అన్న అర్థం వచ్చే వాక్యం ఉన్నది. 1954 తరువాత పదేళ్ళకు 1964లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక వచ్చింది. ఆ పదేళ్ళలో ఆ దేశంలో సిగరెట్ వాడకం తగ్గలేదు, పెరిగింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడడానికి 20, 30 ఏళ్ళు పడుతుంది కనుక ఆ పదేళ్ళ లెక్క 1980లలో, 1990లలో ఆసుపత్రి మంచాల మీద తేలింది.

ఇదంతా మనకు ఎట్లా తెలిసింది? వారు చెప్పినందువలన కాదు. అమెరికా రాష్ట్రాలు దావాలు వేయగా 1998లో 46 రాష్ట్రాలతో కంపెనీలు రాజీకి వచ్చాయి. ఆ ఒప్పందం ప్రకారం ఆ పరిశోధన సంఘాన్ని మూసివేశారు, లక్షలాది అంతర్గత పత్రాలు బయట పెట్టారు. 2006లో వాషింగ్టన్‌లో న్యాయమూర్తి గ్లాడిస్ కెస్లర్ సుదీర్ఘమైన తీర్పులో, ఈ కంపెనీలు దశాబ్దాల పాటు ప్రజలను మోసగించాయని నిర్ధారించారు. హోటల్ సమావేశానికీ ఆ తీర్పుకూ మధ్య 52 సంవత్సరాలు గడిచాయి.

అమెరికా కథ మనకెందుకు అంటారేమో. ఆ విద్య ఓడ ఎక్కి చాలా కాలమైంది. మన సంగతికి వస్తాను.

మన దేశంలో సిగరెట్, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం 2003లో వచ్చింది. చిత్ర హెచ్చరికలు పెట్టెల మీదికి ఎక్కడానికి 2009 మే 31 వరకు పట్టింది. అప్పుడు కూడా ముందు వైపున 40 శాతం మాత్రమే. 2014 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ, పెట్టెకు రెండు వైపులా 85 శాతం మేర హెచ్చరిక ఉండాలని, 2015 ఏప్రిల్ 1 నుంచి అమలు కావాలని గెజిట్‌లో ప్రకటించింది. గడువుకు కొద్ది రోజుల ముందు లోక్‌సభ అధీన శాసనాల కమిటీ, ఇంకా పరిశీలించాలి, అమలు ఆపండి అన్నది. ఆరోగ్య శాఖ వాయిదా వేసింది. ఆ కమిటీ అధ్యక్షుడు దిలీప్ గాంధీ, పొగాకు వలన క్యాన్సర్ వస్తుందనే అధ్యయనాలన్నీ విదేశాలవేనని, మన దేశంలో అటువంటి అధ్యయనం లేదని పత్రికలతో అన్నారు. కమిటీ సభ్యులలో ఒకరికి స్వయంగా బీడీ వ్యాపారం ఉండేది.

మన దేశంలో అధ్యయనం లేదు అన్న ఆ మాట చదివిన నాడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇంకా తగ్గలేదు. ఉత్తరాంధ్రలో అడ్డపొగ అలవాటు తెలియని వైద్యుడు ఉండడు. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోటిలో పెట్టుకొని పీల్చే అలవాటు అది. ముఖ్యంగా స్త్రీలలో ఉండేది. ఇంటి పని, పొలం పని చేసుకొంటూనే నోటిలో చుట్ట కాలుతూ ఉండేది. ఆ వేడికీ పొగకూ అంగిలి తెల్లబారి, నడుమ ఎర్రని చుక్కలు లేచేవి. కొందరిలో అది పుండై క్యాన్సర్‌గా మారేది. ఇతర ప్రాంతాలలో అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సర్‌ను నా తరం వైద్య విద్యార్థులు విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రి వార్డులలో పదే పదే చూశారు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణులను నోరు తెరిపించి పరీక్షించిన అధ్యయనం 1971లోనే బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో వచ్చింది. డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్‌తో కలిసి దానిని చేసినవారు మన భారతీయ పరిశోధకులే. పరీక్షింపబడినవారు మన పల్లె స్త్రీలు, మన పల్లె పురుషులు. 1971లో అచ్చయిన విషయం 2015లో పార్లమెంటు కమిటీ దగ్గరకు చేరలేదంటే, ఆ నడుమ దారిలో ఎవరి కాగితాలు చేరాయో ఆలోచించండి.

తరువాత జరిగినది క్లుప్తంగా చెప్తాను. రాజస్థాన్ హైకోర్టు అమలు చేయమన్నది. 2016 మార్చిలో కమిటీ తన నివేదికలో 85 చాలా కఠినమని, 50 శాతం చాలునని సిఫారసు చేసింది. అయినా ఆరోగ్య శాఖ వెనుకకు తగ్గక 2016 ఏప్రిల్ 1 నుంచి అమలు చేసింది. సిగరెట్ కంపెనీలు కొన్నాళ్ళు కర్మాగారాలు మూసి నిరసన తెలిపాయి. 2017 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు ఆ నియమాలను కొట్టివేసింది. 2018 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది. ఆ స్టే వలన 85 శాతం హెచ్చరిక నిలిచింది.

ఒక బొమ్మ పెద్దదైతే ఏమవుతుందని ఇంత పోరాటం అనిపించవచ్చును. ప్రపంచ వయోజన పొగాకు సర్వే మన దేశంలో 2009-10లో ఒకసారి, 2016-17లో మరొకసారి జరిగింది. పెట్టె మీది హెచ్చరిక చూసి మానాలనుకొన్నామని చెప్పిన సిగరెట్ త్రాగేవారు మొదటి సర్వేలో 38 శాతం, రెండవ సర్వేలో దాదాపు 62 శాతం. పొగాకు ఏదో ఒక రూపంలో వాడే వయోజనులు అదే కాలంలో 34.6 శాతం నుంచి 28.6 శాతానికి తగ్గారు. ఈ తగ్గుదలకు బొమ్మ ఒక్కటే కారణమని నేను అనను. ధరలు, గుట్కా నిషేధాలు, బహిరంగ ధూమపాన నిషేధం అన్నీ కలిశాయి. కాని ఆ బొమ్మ పనిచేయదని కంపెనీలు నిజంగా నమ్మి ఉంటే కర్మాగారాలకు తాళం వేసేవి కావు. మన దేశంలో పొగాకు వలన ఏటా 13 లక్షల మందికి పైగా మరణిస్తున్నారు. అంటే రోజుకు సుమారు 3,500 మంది. ఒక సంవత్సరం వాయిదాను ఆ లెక్కతో చూడాలి.

ఆ పోరాటంలో పదే పదే వినిపించిన పేరు మన రైతుది. ఈ విషయంపై కొంచెం నిలవాలి, ఎందుకంటే ఇది మన గడ్డ సంగతి. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులో ఉన్నది. ప్రకాశం, నెల్లూరు, గోదావరి జిల్లాలలో వేలాది కుటుంబాలు వర్జీనియా పొగాకు పండిస్తాయి. బ్యారన్‌లో ఆకు కాల్చే రోజులలో ఆ కుటుంబాలకు రాత్రింబవళ్ళ తేడా ఉండదు. తడి ఆకు కోసేవారి చర్మం ద్వారా నికొటిన్ ఒంటిలోకి చేరి వాంతులు, తలతిరుగుడు వస్తాయి. ఆ ప్రాంతంలో పనిచేసిన వైద్యులందరికీ ఇది అనుభవమే. హెచ్చరిక పెద్దదైతే ఈ రైతు నాశనమైపోతాడని ఢిల్లీలో వినతిపత్రాలు అందాయి.

ఆ వాదనను నెమ్మదిగా పరీక్షిద్దాం. మన వర్జీనియా పొగాకులో పెద్ద భాగం విదేశాలకు పోతుంది. కనుక రైతుకు దక్కే ధర, మన ఊరి కిళ్ళీ కొట్టులోని పెట్టె మీది బొమ్మ కంటె విదేశీ కొనుగోలుదారుల ఆర్డర్ల మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. రెండవది, వేలం కేంద్రంలో రైతు బేళ్ళు వరుసగా పేర్చి నిలబడినపుడు ఎదురుగా ధర పాడేది ఎవరు? సిగరెట్ కంపెనీలు, ఎగుమతిదారులు. అక్కడ రైతుకు ఎంత తక్కువ ఇస్తే వారికి అంత లాభం. ఒంగోలులో కిలోకు రెండు రూపాయలు తగ్గించాలని చూసేవారే ఢిల్లీలో ఆ రైతు జీవనోపాధికి సంరక్షకులమంటే నమ్మడం కష్టం. ధర పడిపోయిన సంవత్సరాలలో రైతులు వేలం ఆపి ధర్నా చేసినపుడు ఈ సంరక్షకుల వినతిపత్రాలు ఎవరి బల్ల మీదా కనిపించలేదు. రైతుకు నిజంగా మేలు చేయదలిస్తే ప్రత్యామ్నాయ పంటలకు గిట్టుబాటు చూపాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలోని పొగాకు నియంత్రణ ఒప్పందం 17వ అధికరణం ప్రభుత్వాలను అడిగేది అదే. మన దేశం 2004లోనే ఆ ఒప్పందాన్ని ఆమోదించింది. రైతు వాదన వినిపించేవారు ఆ 17వ అధికరణాన్ని ప్రస్తావించగా నేను చూడలేదు.

ఈ వాదనలు ఎట్లా తయారవుతాయో ఒక ఉదాహరణ చెప్తాను. ఆ వివాదం నడుస్తున్న రోజులలో, నేను పదవీ విరమణ చేసిన తరువాత, హైదరాబాదు నుంచి ఒక యువకుడు ఇంటికి వచ్చాడు. చాలా మర్యాదస్థుడు. ‘డాక్టరు గారూ, తమ వంటి పెద్దలు రైతు పక్షాన నాలుగు మాటలు వ్రాస్తే బాగుంటుందండీ’ అన్నాడు. వ్రాయడానికి నాకు శ్రమ కూడా లేకుండా వ్యాసం టైపు చేసి తెచ్చాడు. భాష చక్కగా ఉన్నది. హెచ్చరికలు తొందరపాటు అని, స్వదేశీ పరిశోధన ఇంకా జరగాలని, దొంగ సిగరెట్లు పెరుగుతాయని అందులో ఉన్నది. చివర నా పేరు, నా డిగ్రీ, పదవీ విరమణ నాటి నా హోదా ముందే అచ్చయి ఉన్నాయి. సంతకానికి చోటు వదిలారు. గౌరవ పారితోషికం ఉంటుందన్నాడు. ‘ఎవరిస్తున్నారు నాయనా?’ అని అడిగాను. ‘ఒక అధ్యయన వేదిక అండీ’ అన్నాడు. వేదికకు డబ్బు ఎక్కడిదని అడిగితే తనకు తెలియదన్నాడు. బహుశా నిజంగానే తెలియదేమో. కాఫీ ఇచ్చి పంపించాను. కొద్ది వారాలకు ఇంచుమించు అవే వాక్యాలు మరొకరి పేరుతో ఒక పత్రికలో చదివాను.

ఇది పొగాకుకు పరిమితమనుకోవద్దు. 1967లో అమెరికాలోని ఒక ప్రతిష్ఠాత్మక వైద్య పత్రికలో, గుండె జబ్బులకు కొవ్వు కారణమని చెప్తూ చక్కెర పాత్రను తక్కువ చేసిన సమీక్ష ఒకటి వచ్చింది. వ్రాసినవారు హార్వర్డ్ శాస్త్రవేత్తలు. డబ్బు చక్కెర పరిశ్రమ సంఘానిది. ఆ సంగతి సమీక్షలో చెప్పలేదు. పాత ఉత్తరాలు వెలికితీసి పరిశోధకులు దీనిని బయట పెట్టినది 2016లో. నా తరం వైద్యులు చదువుకొన్న పోషకాహార పాఠాల మీద ఇటువంటి వ్రాతల నీడ ఎంత పడిందో కొలవడం ఇప్పుడు ఎవరి తరం?

ఇక నేడు మన పిల్లల చేతిలోని చిప్స్ పొట్లం. చిలీ దేశం 2016 నుంచి, ఉప్పు, చక్కెర, కొవ్వు మితిమీరిన తినుబండారాలపై నల్లని అష్టభుజి గుర్తు ముద్రించాలని నియమం పెట్టింది. చదువు రానివారికి కూడా అర్థమయ్యే గుర్తు. మన ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2022 సెప్టెంబరులో ప్రకటించిన ముసాయిదాలో ఉన్నది నక్షత్రాలు. అర నక్షత్రం నుంచి అయిదు నక్షత్రాల వరకు మార్కులు. హెచ్చరిక గుర్తు కావాలని ప్రజారోగ్య నిపుణులు ఎందరో వాదించారు. ఉప్పు దట్టించిన పొట్లానికి కూడా కొంత పప్పు పిండి కలిపినందుకు ఒక నక్షత్రం ఎక్కువ వస్తే, కొనే తల్లికి అది మెప్పుగా కనిపిస్తుందే గాని హెచ్చరికగా కనిపించదు. ఈ రెండు మార్గాలలో పరిశ్రమకు ఏది సుఖమో చెప్పనవసరం లేదు.

ఇంత చెప్పి లాబీయింగ్‌ను నిషేధించమని నేను అడగబోవడం లేదు. ప్రభుత్వం నియమం చేసేటపుడు దాని వలన బాధపడేవారి మాట వినాలి. కంపెనీకి కూడా ఆ హక్కు ఉన్నది. మా పక్షానికీ వకీళ్ళున్నారు. పొగాకు నియంత్రణకై పనిచేసే సంస్థలలో కొన్నింటికి విదేశీ దాతృత్వ సంస్థల నిధులు అందాయి. అది కూడా పెట్టె మీది హెచ్చరిక అంత స్పష్టంగా కనబడాలి. రక్త క్యాన్సర్ మందు గ్లివెక్ పేటెంట్ వివాదంలో క్యాన్సర్ రోగుల సహాయ సంఘం తన పేరుతోనే న్యాయస్థానానికి వెళ్ళింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ పేటెంట్‌ను తిరస్కరించింది. ఎవరు ఎవరి పక్షమో అందరికీ తెలిసి జరిగిన వాదన అది.

బయట పెట్టడం అసాధ్యమేమీ కాదు. అమెరికాలో 1995 నాటి చట్టం ప్రకారం లాబీయిస్టులు నమోదు చేసుకోవాలి, కక్షిదారు పేరు, విషయం, డబ్బు ఎంతో ప్రకటించాలి. ఇటీవలి సంవత్సరాలలో ఆ మొత్తం ఏటా 400 కోట్ల డాలర్లు దాటుతున్నది. అంత డబ్బు ప్రవహించడం అక్కడ ఆగలేదు గాని, అది ఎవరి జేబు నుంచి వచ్చిందో పాత్రికేయుడు చూడగలడు. ఇందులో మనకు ఒక చిన్న అవమానం కూడా ఉన్నది. 2012 డిసెంబరులో మన పార్లమెంటు దద్దరిల్లినది గుర్తుండే ఉంటుంది. భారత విపణిలో ప్రవేశం కూడా తన లాబీయింగ్ అంశాలలో ఒకటని వాల్‌మార్ట్ సంస్థ అమెరికా సెనేట్‌కు సమర్పించిన పత్రాలలో ఉన్నదని అప్పుడు తెలిసింది. మన గురించి జరిగిన లాబీయింగ్ మనకు తెలిసినది వారి చట్టం వలన! విశ్రాంత న్యాయమూర్తి ముకుల్ ముద్గల్‌తో ఏకసభ్య కమిటీ వేశారు. లాబీయింగ్ వివరాలు ప్రకటించాలంటూ 2013లో లోక్‌సభ సభ్యుడు కాళికేశ్ సింగ్ దేవ్ ప్రైవేటు బిల్లు తెచ్చారు. అది చట్టం కాలేదు.

పొగాకు విషయంలో మాత్రం ఒక ఆధారమున్నది. నేను పైన చెప్పిన అంతర్జాతీయ ఒప్పందం 5.3 అధికరణం, ప్రజారోగ్య విధానాలను పొగాకు పరిశ్రమ ప్రయోజనాల నుంచి కాపాడాలంటుంది. 2020లో కేంద్ర ఆరోగ్య శాఖ తన అధికారులకు ప్రవర్తనా నియమావళి కూడా ఇచ్చింది. అయితే పొగాకు బోర్డు ఉన్నది వాణిజ్య శాఖ క్రింద. దేశంలోని అతి పెద్ద సిగరెట్ సంస్థలో ప్రభుత్వ రంగ బీమా సంస్థకు వాటాలున్నాయి. ఒక శాఖ తలుపు వేస్తే పక్క శాఖ కిటికీ తెరిచి ఉంటుంది. నా దృష్టిలో 5.3 వంటి నియమం అన్ని శాఖలకూ, పొగాకుతో పాటు మద్యానికీ, పిల్లల పాలపొడికీ, ప్యాకెట్ ఆహారానికీ వర్తించాలి. పాలపొడి విషయంలో మనకు ఇప్పటికే మంచి నమూనా ఉన్నది. 1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం, ఆ కంపెనీలు వైద్యుల సదస్సులకు, పరిశోధనకు డబ్బు ఇవ్వడాన్ని నిషేధించింది. వైద్యుల సదస్సులు అందువలన ఆగిపోలేదు.

చట్టం వచ్చేవరకు మీరు చేయగలిగినది కొంత ఉన్నది. ఆరోగ్య నియమాల ముసాయిదాలను గెజిట్‌లో ప్రకటించి అభ్యంతరాలకు 30 నుంచి 60 రోజుల గడువు ఇస్తారు. ఆ గడువులో కంపెనీల పక్షాన వందల పుటల వ్యాఖ్యలు వెళ్తాయి. తల్లిదండ్రుల పక్షాన, రోగుల పక్షాన వెళ్ళేవి వేళ్ళ మీద లెక్కించవచ్చును. మీ పిల్లవాడి పొట్లం మీద హెచ్చరిక గుర్తు కావాలని రెండు వాక్యాలు వ్రాసి పంపండి. పత్రికలో ఏ పదార్థం గూర్చి అయినా మెచ్చుకోలు వ్యాసం చదివితే క్రింద వ్రాసినవారి పేరు తరువాత ఏమున్నదో చూడండి. వేదిక, ఫౌండేషన్, మండలి వంటి పేరు ఉంటే దాని నిధులు ఎవరివో ఆ పత్రిక సంపాదకునికి ఉత్తరం వ్రాసి అడగండి. పత్రికలు ఇటువంటి ఉత్తరాలను అనుకున్నంత తేలికగా పారవేయవు.

ఇంకా ఓపిక ఉన్నవారికి సమాచార హక్కు చట్టమున్నది. ఫలానా నియమం తయారైనపుడు సంబంధిత పక్షాలతో జరిగిన సమావేశాల తేదీలు, హాజరైనవారి పేర్లు, వారు ప్రాతినిధ్యం వహించిన సంస్థలు, సమర్పించిన వినతిపత్రాల ప్రతులు ఇవ్వండి అని ఈ నాలుగు అంశాలు మాత్రమే అడగండి. ఎందుకు అడుగుతున్నారో చెప్పనవసరం లేదు. కేంద్ర శాఖలకు రుసుము 10 రూపాయలు, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. 30 రోజులలో జవాబు రావాలి. రాకపోతే అదే శాఖలోని మొదటి అప్పీలు అధికారికి మరొక కాగితం వ్రాయవచ్చును, దానికి రుసుము లేదు. వచ్చిన జవాబు నాకు కూడా ఒక ప్రతి పంపితే ఇక్కడ ప్రచురిస్తాను.